ఇటలీలో నొక మాఱుమూల సీమ: బసిలికాత

ఇటలీ దేశమనగానే మనకు రోమునగరమును, వెనీసులోని నీటివీధులును, పీసాలో నొరిగియున్న గోపురమును తలపునకు వచ్చును. పటములో నాదేశము బూటు ఆకారమున నుండునని బడిపిల్లలు సైతము ఎఱుగుదురు. ఆ బూటునకు మడమ యొకవైపునను, మునివ్రేళ్లు వేఱొకవైపునను ఉన్నవి. ఆ రెంటికిని నడుమ, అరికాలి వంపునందు, ఇమిడియున్న చిన్నసీమ పేరు బసిలికాత. పూర్వకాలమున దీనిని లుకానియా యనుచుండిరి. 1932 మొదలు 1947 వఱకు ప్రభుత్వమువారును ఆ పాతపేరునే వ్యవహరించిరి. నేటికిని ఇచ్చటివారు తాము లుకానులమనియే చెప్పుకొందురు.

సీమయంతయు రమారమి 10,000 చదరపు కిలోమీటర్లు. అందు నూటికి 8 పాళ్లు మాత్రమే మైదానము. తక్కినదంతయు కొండలు, మిట్టలు, లోయలు. స్థానిక పరిపాలన గల యూళ్లు 131 ఉన్నను, అన్నిటను గలిపి జనసంఖ్య అయిదున్నర లక్షలకు మించదు. ముఖ్యపట్టణమైన పొతెంజా సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైన నున్నది. ఇటలీలోని సీమల ముఖ్యపట్టణములలో నింత యెత్తున నున్నది మఱొకటి లేదు. ఇచ్చట ఊళ్లు తఱచుగా కొండకొననే కనబడును. లోయలలో మలేరియా జ్వరమును, దారిదొంగల భయమును ఉన్నందున పూర్వులు మిట్టలనే ఆశ్రయించిరి. పొలము క్రిందను, ఇల్లు పైనను. తెల్లవాఱకమునుపే దిగుట, ప్రొద్దుగ్రుంకిన పిదప ఎక్కుట పురుషుల పని. క్రిందనున్న యూటనుండి కడవలతో నీరు పైకి మోయుట స్త్రీల పని.

ఈ సీమనుగూర్చి వ్రాయువారు తఱచుగా కొండలను, చర్చీలను, గుహలను వర్ణింతురు. ఆ గుహలలో వంటచేసినవారెవరు, బిడ్డలను పెంచినవారెవరు, కష్టము వచ్చినపుడు ఎవరి గడపకు పోయిరి అను ప్రశ్నలు గృహిణులమైన మనకు సహజముగా తోచును. సోదరీమణులారా, ఆ ప్రశ్నలనే చేతబట్టుకొని మనమొకమాఱు ఈ సీమలో తిరిగివత్తము.

రాతిలో పట్టణము

అడ్రియాటిక్ సముద్రతీరమున బారి యను రేవుపట్టణము గలదు. అచ్చటనుండి ఇఱుకుపట్టాలమీద నడచు చిన్నరైలొకటి ఓలివుతోటలను, గోధుమచేలను దాటుచు, సాగి మతేరా చేరును. రైలుదిగి క్రొత్తపట్టణపు వీధులలో నడచునపుడు విశేషమేమియు తోచదు. అంగళ్లు, మేడలు, కాఫీదుకాణములు ఎచ్చటనైన నుండునట్టివే. అంతలో వీధియంచున నొక పిట్టగోడ కనబడును. దానికడ నిలిచి క్రిందికి జూచినచో పాదముల దిగువ వేఱొక పట్టణము పఱచుకొని యుండును.

ఇదియే సాస్సి. సాస్సి యనగా రాళ్లు. గ్రావీన యను సన్నని యేఱు కొండను లోతుగా కోసికొనిపోయినది. ఆ కోన గట్టునందలి మెత్తని సున్నపురాతిని తొలిచి, వేల యేండ్లుగా మనుష్యులు నివసించిరి. కావెయోసో, బరిసానో అని సాస్సికి రెండు భాగములు. రెంటినడుమ గుట్టమీద 13వ శతాబ్దమునాటి పెద్దచర్చి. లోపలనుండి తొలిచిన రాతినే ముక్కలుగా కోసి, గుహ ముందఱ గోడ కట్టి, తలుపు పెట్టుకొనెడివారు. గుహలు మెట్లుమెట్లుగా నున్నందున ఒకరి యింటికప్పు మఱొకరికి వీధియగును.

ఎండకాలమున వాన లేని ఈ యూరిలో అంతమంది ఎట్లు బ్రతికిరన్నచో, నీటిని దాచు నేర్పుచేతనే. కప్పులమీద పడిన వాననీరు ఒక్కబొట్టు వృథాపోకుండ కాలువలు తీర్చి, ఇండ్లక్రింద గంటయాకారమున తొలిచిన తొట్లలోనికి మఱలించిరి. ప్రధానమైన నడిచావడి క్రింద రాతిలో తొలిచిన మహాజలాశయ మొకటి గలదు. అందు 50 లక్షల లీటర్ల నీరు పట్టును. కుళాయిలు వచ్చిన తరువాత దానిని జనులు మఱచిపోయిరి. 1991లో మరల కనుగొని, లోనికి మెట్లు వేసి, యాత్రికులకు చూపుచున్నారు.

ఇక నొక యింటిలోనికి పోదము. నాటి సామగ్రితో నట్లే యుంచిన గుహాగృహమొకటి నేడు ప్రదర్శనశాలగా నున్నది. ఉన్నది యొక్కటే గది, వెలుతురంతయు వాకిటినుండియే. నడుమ ఎత్తయిన మంచము. నేలతేమ తగులకుండుటకును, మంచముక్రింద కోళ్లనుంచుటకును అంత యెత్తు. పఱుపులో దూదికి బదులు మొక్కజొన్న పొట్టు. చంటిబిడ్డ ఊయల మంచముపైన వ్రేలాడుచుండును. ఎడపిల్లలు పెట్టె సొరుగులలోనే నిద్రించెడివారు. వెనుకవైపున కంచరగాడిద. అది కుటుంబమునకు జీవనాధారము గనుక బయట కట్టుటకు సాహసింపరు. చలికాలమున దాని యొంటివేడియు గదికి కావలసినదే. బల్లమీద నొక్కటే పెద్ద పళ్లెము. ఇంటిల్లపాదియు చుట్టు కూర్చుండి అందులోనే భుజించెడివారు.

వాకిలి దాటిన వెంటనే

ఇంత ఇఱుకులో నెట్లు కాపురము చేసిరని మనము ముక్కున వ్రేలుంచుకొందుము గాని, వారి కాపురము గదిలో సగమును, గదిబయట సగమును ఉండెడిది. కొన్ని గుహల వాకిండ్లు ఒకే ముంగిటిలోనికి తెఱచుకొనును. ఆ ముంగిటిని, దానిని పంచుకొన్న కుటుంబములను గలిపి విచినాతో అందురు. మన మాటలో చెప్పినచో ఇరుగుపొరుగు. కాని ఆ మాటకుగల బిగువు ఇంకను ఎక్కువ. ముంగిట నడుమ నొక నీటితొట్టి. దానిచుట్టును బట్టలుతుకుట, పప్పులేఱుట, నూలు వడకుట, బిడ్డలకు స్నానము. ఒకతె పొలమునకు పోయినచో ఆమె బిడ్డకు పాలిచ్చునది పొరుగింటి బాలింత. ఒకతెకు పురుడువచ్చినచో వేడినీళ్లు కాచునది ఎదురింటి ముసలమ్మ. చావు వచ్చినపుడు ఏడ్చుటయు ఒంటరిపని కాదు. ఈ సీమ స్త్రీలు శవముచుట్టు జేరి రాగయుక్తముగా శోకించు నాచారమును ఎర్నెస్తో దె మార్తినో యను పండితుడు పరిశోధించి 1958లో నొక గొప్ప గ్రంథము వ్రాసినాడు.

కలహములు లేవని కాదు. ఒకే నీటితొట్టికడ పదికుటుంబములు చేరినచోట మాటకు మాట రాకుండునా? ఒకరి రహస్యము మఱొకరికి తెలియకుండునా? ఆ ముంగిట తలుపు మూసికొనుట యనునది లేదు. దానివలని మేలును కీడును ఆ స్త్రీలు ఒక్కచోటనే అనుభవించిరి.

రొట్టె సంగతి వినదగినది. ఇంటింట పొయ్యి యున్నను రొట్టెకాల్చు కొలిమి వీధికొకటియే. గట్టిగోధుమల పిండిని ఇల్లాలు రాత్రియే పిసికి పులియబెట్టును. తెల్లవాఱుజామున కొలిమివాడు కేకవేయుచు వచ్చి ముద్దలను కొనిపోవును. ఇన్ని యిండ్ల రొట్టెలు ఒక్కచోట కాలునప్పుడు ఎవరిది ఏదియో తెలియుటెట్లు? అందులకు ప్రతి కుటుంబమునకును నొక కొయ్యముద్ర యుండెడిది. దాని యడుగున ఇంటివారి పేరు మొదటి యక్షరములు, పైన కోడిపుంజో మనుష్యుడో చెక్కియుండును. ముద్దమీద దానినద్ది పంపుదురు. గొఱ్ఱెలకాపరులు తీరికవేళ ఈ ముద్రలను చెక్కెడివారు. వలచినదానికి కానుకగా నిచ్చుటయు గలదు. కొన్ని కిలోల బరువుగల ఆ రొట్టె వారము దాటినను చెడదు. ఎండిపోయిన రొట్టెనైనను పాఱవేయరు. నీటతడిపి, ఉల్లిపాయ, టొమాటో, ఓలివునూనె చేర్చి తిందురు. మన తిరుపతి లడ్డునకు 2009లో లభించినట్లే, మతేరా రొట్టెకును 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది.

కోతలు ముగిసిన పిదప ఆగస్టు 1వ తేదీన క్రపియాత యను వంటకము చేయుదురు. ముంగిటిలోని ప్రతి యింటివారును తమకున్న గింజలు, గోధుమలో, సెనగలో, చిక్కుళ్లో, చిఱుసెనగలో, ఒక్కొక్క పిడికెడు తెత్తురు. అన్నిటిని ఒకే కాగులో నుడికించి, అందఱును గలిసి భుజింతురు. పేదయింటి పిడికెడునకును, కలవారింటి పిడికెడునకును కాగులో భేదములేదు.

క్వయినా యడిగిన పిల్లలు

ఇంతవఱకు చదివి, గుహలలోని జీవితము సుఖమైనదని తలచినచో మనము మోసపోయినట్లే. కార్లో లేవి యను నాయన తూరిను నగరవాసి; వైద్యవిద్య నభ్యసించి చిత్రకారుడైనవాడు. ముస్సోలినీ ప్రభుత్వమును ఎదిరించినందున 1935లో నాయనను ఈ సీమకు ప్రవాసము పంపిరి. ఆయనను చూడవచ్చిన సోదరి లూయిసాయు వైద్యురాలే. ఆమె మతేరాలో చూచినదంతయు తమ్మునికి చెప్పగా ఆయన తన గ్రంథమున వ్రాసినాడు. కండ్లకలకచే ఱెప్పలు వాచినవారు, జ్వరముచే పసుపుబాఱినవారు, ఎముకలగూడులైనవారు అగు పిల్లలు గుంపుగా ఆమె వెంట పడిరట. కాసులడుగుచున్నారు కాబోలునని ఆమె తలచినది. వారడిగినది క్వయినా మందు.

ఈ జ్వరమునకును మన తెలుగునాటికిని ఒక సంబంధము గలదు. 1897 ఆగస్టులో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ దొర దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. మఱుసటి యేడే ఇటలీలో గ్రాస్సీ పండితుడు, మనుష్యులకు దానిని అంటించునది ఏజాతి దోమయో నిరూపించెను. 1900లో ఇటలీ ప్రభుత్వము క్వయినాను తానే అమ్మింప శాసనము చేసినది. శాసనము రోములో పుట్టినను ఆ మందు సాస్సిలోని బిడ్డకు అందినది చాల కొంచెమని ఆ పిల్లల మాటయే చెప్పుచున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము దోమలను నిర్మూలించిన పిదపనే ఈ సీమ కోలుకొన్నది. 1970లో ఇటలీ మలేరియా లేని దేశముగా ప్రకటింపబడినది.

లేవి గ్రంథము 1945లో వెలువడినది. దేశమంతయు చదివి నివ్వెఱపడినది. 1948లో తోల్యాత్తి యను రాజకీయనాయకుడు మతేరాకు వచ్చి, ఇది జాతికే సిగ్గుచేటన్నాడు. 1950లో ప్రధానమంత్రి దె గాస్పెరి స్వయముగా వచ్చి చూచెను. 1952లో శాసనమైనది: సాస్సిలోని నివాసయోగ్యముకాని గుహలను ఖాళీచేయింపవలయును, జనులకు క్రొత్తయిండ్లు కట్టింపవలయును. నాడు సాస్సిలో సుమారు 15,000 మంది యుండిరి. పదునైదేండ్లకు పైగా ఆ తరలింపు సాగినది.

క్రొత్తయిండ్లు

ఆ క్రొత్తయిండ్లలో నేమున్నవి? కిటికీలు. కుళాయి. మఱుగుదొడ్డి. పొడినేల. పిల్లలకు దగ్గఱలో బడి. పుట్టిన బిడ్డ బ్రతుకునను నమ్మకము. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లికి వీనికన్న విలువైనవి వేఱే లేవు. గుహలే మేలని నేడు పలుకువారికి ఆ మాట గుర్తుండవలయును.

కట్టినవారు అవివేకులును కారు. 1951లో ఫ్రీడ్మన్ అను అమెరికా పండితునితో గూడిన సంఘమొకటి ఇల్లిల్లు తిరిగి, విచినాతో యననేమో, స్త్రీలు దానిలో నెట్లు మెలగుదురో వివరముగా విచారించినది. ఆ విచారణను అనుసరించి, క్వరోని మొదలగు శిల్పులు మతేరాకు కొన్ని కిలోమీటర్ల దూరమున ల మార్తెల్ల యను పల్లెను నిర్మించిరి. ఇండ్లను చిన్నచిన్న గుంపులుగా అమర్చిరి, ఇంటిప్రక్కనే పశువులకొట్టమునుంచిరి. వీధులు సాస్సి వీధులవలెనే వంపుతిరిగినవి.

అయినను ఒక్కటి సాధ్యపడలేదు. ముంగిలిని కట్టగలిగిరి గాని, ఆ ముంగిటనుండిన వారినందఱిని ఒక్కచోట చేర్చలేకపోయిరి. ఇండ్ల పంపిణీలో ఒకతెకు ల మార్తెల్లలోను, మఱొకతెకు పట్టణములోని నాలుగంతస్తుల మేడలోను ఇల్లు వచ్చినది. నలువదేండ్లు ఒకే తొట్టికడ నీళ్లుతోడుకొన్న స్త్రీలు విడిపోయిరి. పురుషులకు పొలమున్నది, కాఫీదుకాణమున్నది, నడిచావడి యున్నది. పిల్లలకు బడియున్నది. ఇంటనున్న స్త్రీకి మాత్రము ఇంటిబయటనుండిన సగమిల్లు పోయినది. కుళాయి ఇంటిలోనికే వచ్చినందున నీళ్లకై బయటికి పోవలసిన పనియు లేదు. ఆ సుఖము నిజమైనది. దానితోవచ్చిన యొంటరితనమును నిజమైనదే. ఈ రెండవ దానికి ఏ శాసనమునను పద్దు వ్రాయలేదు.

ఖాళీయైన సాస్సి కొన్నియేండ్లు పాడుపడియుండెను. 1964లో పసోలినీ తన క్రీస్తుచరిత్ర చలనచిత్రమును ఇచ్చటనే తీసెను. 1986లో ప్రభుత్వము వేఱొక శాసనముచేసి, గుహలను బాగుచేయించి జనులు మరల నివసించుటకు ధనమిచ్చినది. 1993లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతి సంస్థ దీనిని ప్రపంచ వారసత్వముగా గణించినది. 2019లో మతేరా ఐరోపా సాంస్కృతిక రాజధాని యయ్యెను. సాస్సిలో పుట్టితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడిన తరమువారి మనుమలు నేడచ్చట సత్రములు నడుపుచున్నారు. కంచరగాడిద కట్టివేసిన చోట యాత్రికులు స్నానముచేయుచున్నారు. ధనము వచ్చినది, గౌరవమును వచ్చినది. ముంగిళ్లు మాత్రము చాలవఱకు అతిథులవే.

కొండయూళ్ల దారిని

మతేరానుండి నైరృతిగా పోవువారికి మొదట క్రాకో కనబడును. కొండకొనను గోపురము, చుట్టు ఇండ్లు. దూరమునకు చక్కని యూరే. దగ్గఱకు పోయినచో కిటికీలలో ఆకాశము కనబడును. 1963లో కొండచఱియలు జాఱి ఇండ్లు బీటలువాఱగా జనులను లోయలోనికి తరలించిరి. 1980 నవంబరులో వచ్చిన భూకంపముతో మిగిలినవారును విడిచిపెట్టిరి. నేడు శిరస్త్రాణములు ధరించి, మార్గదర్శితో మాత్రమే లోపలికి పోవలయును.

అచ్చటనుండి బంకమన్నుదిబ్బల నడుమ అలియానో చేరుదుము. వానలకు కోసికొనిపోయిన ఆ తెల్లనిదిబ్బలు పంట పండవు, చెట్టు మొలవనీయవు. లేవిని ప్రవాసముంచిన యూరిదియే. ఏబొలి యను పట్టణముకడ రైలుమార్గము సముద్రతీరమును విడిచి ఈ కొండలవైపునకు తిరుగును. క్రీస్తు ఆ ఏబొలికడనే ఆగిపోయినాడు, మా దాక రాలేదని ఇచ్చటి రైతులు చెప్పుకొనెడివారట. తమ్ము మనుష్యులుగా లెక్కించువారు ఇంతదూరము రాలేదని దాని భావము. ఆ మాటనే లేవి తన గ్రంథమునకు పేరుగా పెట్టెను. ఆయన యుండిన యింటిని ప్రదర్శనశాలగా జేసినారు. 1975లో రోమున మరణించిన ఆయన దేహమును ఈ యూరి శ్మశానముననే ఉంచినారు. బందీగా వచ్చినవాడు బంధువైనాడు.

ఆ గ్రంథములో మన మనస్సునకు తగులు లెక్క యొకటి గలదు. ఊరిలోనున్నవారు 1,200, అమెరికాలోనున్న యీయూరివారు 2,000. భార్యను, తల్లిని ఇచ్చట నుంచి, మగవారు న్యూయార్కునకు పోయెడివారు. కొందఱు ధనము పంపిరి. కొందఱు మొదట పంపి తరువాత మఱచిరి. కొందఱు అచ్చటనే వేఱు సంసారము చేసికొనిరి. ఇంటింటను మంచముపైగోడకు రెండు పటములుండెడివట: ఒకటి విజ్జానో మేరీమాతది, రెండవది అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టుది. ఒకరు పరలోకమున దిక్కు, ఒకరు సముద్రము కావల దిక్కు. ఇహలోకమున, ఇంటిలో, ఆ స్త్రీయే దిక్కు.

ఇంకను దక్షిణముగా సెనీసె యను నూరు మిరపకాయలకు ప్రసిద్ధి. ఇవి కారములేని యెఱ్ఱని పొడవు కాయలు. మిరప పుట్టినది అమెరికాఖండమున. సముద్రముదాటి లుకానియాకు వచ్చినట్లే మన గుంటూరుసీమకును వచ్చినది. ఆగస్టునెలలో స్త్రీలు సూదిదారముతో తొడిమలను గ్రుచ్చి, మనిషెత్తు దండలుగా గట్టి, గోడలకు, వసారాలకు వ్రేలాడదీయుదురు. కాయకు సహజముగానే తేమ తక్కువ గనుక తొడిమ ఊడక ఎండును. వండు విధమిది: ఎండిన కాయను కడుగరాదు, పొడిబట్టతో తుడువవలయును. తొడిమను గింజలను తీసివేసి, ఓలివునూనె కాగిన పిదప అందు వేసి, కొన్ని క్షణములలోనే తీయవలయును, ఆలస్యమైనచో చేదెక్కును. చల్లాఱగానే మన వడియమువలె కరకరలాడును. దీనిని క్రుస్కో అందురు. ఉడికించిన బంగాళాదుంపలమీదను, చిక్కుడుగింజల ముద్దలోను నలిపి చల్లుకొందురు. చల్లమిరపకాయల రుచియెఱిగిన మనవారికి ఇది కొత్తగా తోచదు.

మరల ఉత్తరముగా వచ్చినచో అడవినడుమ అచ్చెత్తూర యను నూరున్నది. ఈస్టరు మొదలుకొని 50వ దినమున వచ్చు పెంతెకొస్తు పండుగకు ఇచ్చట చెట్లకు పెండ్లి చేయుదురు. ఓకుజాతి మహావృక్షము వరుడు. ముండ్లయాకుల హోలీచెట్టు వధువు. వరుని ఎద్దుల జతలు ఒక యడవినుండి ఈడ్చుకొనివచ్చును. వధువును వేఱొక యడవినుండి యువకులు భుజములమీద మోసికొనివత్తురు. ఓకు మ్రానుకొనకు హోలీకొమ్మను అతికి, ఊరి నడుమ నిలువబెట్టుదురు. సెయింట్ జూలియన్ ఊరేగింపులో స్త్రీలు క్రొవ్వొత్తులతో గట్టిన అలంకారములను తలమీద మోయుదురు. రావికిని వేపకును పెండ్లిచేయు మనకు ఈ పండుగ అర్థము ఒకరు చెప్పనక్కఱలేదు.

జాబులు వ్రాసిన తల్లి

త్రికారికో యను నూరితో మన ప్రయాణము ముగించెదను. 1923లో ఇచ్చట నొక చెప్పులుకుట్టువాని యింట రొక్కో స్కొతెల్లారో జన్మించెను. ఇరువదిమూడేండ్లకే, 1946లో, ఊరికి మేయరైనాడు. మఱుసటి యేడు ఆ యూరిలో వైద్యశాల తెఱపించినాడు. రైతుల పక్షము వహించి కారాగారమునకును పోయి నిర్దోషియై వచ్చినాడు. గొప్ప కవి. 1953లో ముప్పది యేండ్లకే మరణించినాడు. అతని కవిత్వమును పొగడువారు పెక్కుమంది గలరు. నాకు విశేషముగా తోచునది అతని తల్లి ఫ్రాంచెస్క ఆర్మెంతో. ఆమె బట్టలుకుట్టి జీవించినది. చదువు వచ్చినది గనుక ఇరుగుపొరుగు స్త్రీలకు జాబులు వ్రాసిపెట్టెడిది. అమెరికాలోనున్న భర్తకు చెప్పవలసినది, పైవారివద్ద చెప్పుకొనరానిది, ఆ స్త్రీలు ఆమె చెవిలో చెప్పియుందురు. ఊరివారి దుఃఖము ఆ కవికి తల్లి ఒడిలోనే పరిచయమైనదనుట తప్పుగాదు. ఒక్క స్త్రీకి వచ్చిన నాలుగక్షరములు ముంగిటిలోని వారందఱకును నోరైనవి.

ప్రయాణము చేయదలచువారికి

ఏప్రిలు మొదలు జూను వఱకు కొండలు పచ్చగాను పూలతోను ఉండును. సెప్టెంబరు, అక్టోబరు నెలలును మంచివే. జూలై, ఆగస్టులలో ఎండ మనదానికి తీసిపోదు. చలికాలమున పొతెంజా వైపు మంచు పడును. పటములో పది కిలోమీటర్లుగా కనబడు దారి కొండమలుపులలో అరగంట పట్టవచ్చును. చిన్నయూళ్లకు బస్సులు తక్కువ. ఆదివారములలో మఱియు తక్కువ. మధ్యాహ్నభోజనానంతరము అంగళ్లు మూసి, సాయంకాలమున గాని తెఱువరు. సాస్సిలో మెట్లు నున్నగా నరిగియున్నవి గనుక జాఱని చెప్పులు తప్పనిసరి. శాకాహారులకు రొట్టె, చిక్కుళ్లు, సెనగలు, కూరగాయలు సమృద్ధిగా దొరకును. పులుసులో మాంసపుముక్క వేసినారేమో ముందుగా అడుగుట మంచిది.

1951లో ఈ సీమ జనసంఖ్య ఆఱు లక్షలకు పైబడియుండెను. డెబ్బదియేండ్ల తరువాత అది పెరుగకపోగా తగ్గినది. యువకులు, యువతులు పనికై ఉత్తరపు నగరములకు పోవుచున్నారు. కొండయూళ్లలో సాయంకాలము వాకిట కుర్చీ వేసికొని కూర్చుండువారు ముసలమ్మలే. క్రొత్తవారు నమస్కరించినచో మఱల పలుకరింతురు, ఎవరి పిల్లవని అడుగుదురు.

మనవైపునను ఊళ్లు కదలుచున్నవి. జలాశయముల క్రింద మునిగిన గ్రామములవారు వరుసయిండ్ల కాలనీలకు చేరినారు. పట్టణములలో పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు వచ్చుచున్నవి. వెలుతురు, నీరు, శుభ్రత వచ్చుట సంతోషింపదగినదే. గదులెన్ని, కిటికీలెన్ని యని అడుగువారు, ఈ యింటి ఇల్లాలికి ప్రక్కయింట నెవరుందురని కూడ అడుగవలయును. ఆ ప్రశ్న అడుగుటకు శిల్పశాస్త్రము చదువనక్కఱలేదు. ఇల్లు కట్టించు సమయమున గాని, ఇల్లు మాఱు సమయమున గాని, ఇంటిలోని పెద్దామెను ఒకమాఱు కూర్చుండబెట్టుకొని, నీవు రోజూ మాటాడువారెవరని విచారించినచో చాలును.